ఒక్క చుక్క చాలు

తాతయ్య సూపర్ 8 ప్రొజెక్టర్, అంటే చిన్న ఫిల్ము రీళ్లతో ఇంట్లో సినిమా వేసుకునే పాత మిషను, ఏళ్ల తరబడి అటక మీదే ఉంది. మొన్న దించి, ఉత్సాహం ఆపుకోలేక స్విచ్ వేశాను. మోటార్ మూలిగింది, ఏదీ తిరగలేదు. వెంటనే ఆపేశాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

ప్లగ్ పీకి వెనక మూత విప్పితే సంగతి అర్థమైంది. పాత గ్రీజు ఎండి మైనంలా గట్టిపడింది. రబ్బరు బెల్టు తారులా కరిగి పుల్లీకి అంటుకుపోయింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్‌బడ్స్‌తో దాన్ని వదిలించడానికే రెండు సాయంత్రాలు పట్టింది. వేళ్ల నలుపు ఇంకా పోలేదు.

అసలు టెన్షన్ నూనె దగ్గర. తుప్పు వదిలించే స్ప్రే కొట్టేద్దామా అనిపించింది. కానీ అది కాసేపు జారుడుగా ఉండి ఆరిపోతుంది, పైగా అంతటా చిందుతుంది. అందుకే షాఫ్టుల బేరింగులకు కుట్టుమిషన్ నూనె, సూది మొనతో ఒక్కో చుక్క. పళ్ల చక్రాలకు పల్చగా కొత్త గ్రీజు. చెయ్యి జారి ఎక్కువైతే అది బెల్టు మీదికో, లెన్సు మీదికో, చివరికి ఫిల్ము మీదికో పాకుతుంది. ఫిల్ము రంధ్రాల్లో దూరి కిందికి లాగే చిన్న కొక్కెం ఉంటుంది చూడండి, సెకనుకు 18 ఫ్రేముల చొప్పున పాపం దానికి క్షణం తీరిక ఉండదు. దాని వెనక తిరుగుతూ దాన్ని ఆడించే వంకర చక్రానికి, అంటే క్యామ్‌కి మాత్రం కాస్త ఎక్కువ మర్యాద చేశాను.

కొత్త బెల్టు వేసి, ముందు చేత్తో తిప్పి చూసి, ఫిల్ము లేకుండా పది నిమిషాలు నడిపాను. టకటకటక...

అమ్మ వంటగదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "నాన్న మిషనేనా అది?"