బుడ్డోడి నిద్రకి బ్యాచ్ రికార్డు రాశాను

మా బుడ్డోడికి ఐదో నెల వచ్చేసరికి ఇంట్లో ఎవరి మొహమూ మొహంలా లేదు. రాత్రి పదకొండున్నరకి పడుకునేవాడు, పన్నెండుంపావుకి లేచేవాడు, మళ్ళీ ఒంటిగంట దాటాక, మళ్ళీ రెండింటికి, అలా తెల్లారేలోపు ఆరేడు సార్లు, లేచిన ప్రతిసారీ వాళ్ళమ్మ పాలన్నా ఇవ్వాలి, నేను భుజానేసుకుని హాల్లో తిరగనన్నా తిరగాలి, మూడో దారి లేదు. హమ్మయ్య పడుకున్నాడని మంచం మీదకి దించుతుంటే వీపు పరుపుకి తగిలీ తగలకముందే కళ్ళు తెరిచేసేవాడు.

నేను వైజాగ్ దగ్గర పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో షిఫ్ట్ కెమిస్టుని, ఇల్లు కూర్మన్నపాలెం. 'ఏ' షిఫ్ట్, అంటే పొద్దుటి షిఫ్ట్, పడితే తెల్లారగట్ల నాలుగున్నరకి లేచి ఐదుంపావు బస్సు పట్టుకోవాలి. ఒకరోజు చెక్‌లిస్టులో ఒకే సంతకం రెండు గళ్ళలో పెట్టేశాను, అది చూసి క్యూఏలో, అంటే క్వాలిటీ చూసే విభాగంలో, పనిచేసే అమ్మాయి "సార్, ఇంట్లో చంటిపిల్లలున్నారా" అని అడిగింది. అంత తెలిసిపోతోంది.

మా ఆవిడది ప్రైవేటు బ్యాంకు ఉద్యోగం. 2017లో చట్టం మారాక మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాలు లీవ్ ఉంది కదా, అందులో రెండు వారాలు డెలివరీకి ముందే అయిపోయాయి, వాడు నవంబర్ మొదట్లో పుట్టాడు, అంటే ఏప్రిల్ ఆఖరుకల్లా ఆవిడ కౌంటర్లో కూర్చోవాలి. రాత్రి ఏడుసార్లు లేచిన మనిషి పొద్దున్నే క్యాష్ ఎలా లెక్కపెడుతుంది? అదీ అసలు భయం.

ఇది ఎలా మొదలైందో చెప్పాలి. తొలి కాన్పు కాబట్టి పురుడు విజయనగరంలో వాళ్ళ పుట్టింట్లో. పాత పెంకుటిల్లు, దూలానికి చీర ఉయ్యాల, తాడు లాగడానికి మా అత్తగారు, వాళ్ళ తోడికోడలు, పక్కింటి పిల్లలు, ఒకళ్ళు కాకపోతే ఒకళ్ళు. అక్కడ మూడు నెలలూ వాడు ఊగకుండా కన్ను మూసింది లేదు. నాలుగో నెలలో మా ఇంటికి తీసుకొచ్చాం, ఇక్కడ అద్దె ఫ్లాటు, శ్లాబుకి కొక్కెం లేదు, డ్రిల్ చేస్తానంటే ఓనరుగారు ఒప్పుకోలేదు. దాంతో ఆన్‌లైన్లో మోటారుతో ఊగే ఉయ్యాల కొన్నాను, ఆరు వేలు. నాలుగు రోజులు స్వర్గం. ఐదో రోజు రాత్రి రెండింటికి కరెంటు పోయింది, ఫ్యానూ లైటూ ఇన్వర్టర్ మీద ఉన్నాయి గానీ ఉయ్యాల పెట్టిన ప్లగ్గు ఇన్వర్టర్ మీద లేదు. అది మెల్లగా ఆగింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. పది సెకన్లు ఏమీ లేదు, ఆ తర్వాత సైరన్.

సలహాలకి లోటు లేదు. మా అమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ పెట్టి దిష్టి తీసింది, అందులో పోయేది గుప్పెడు ఉప్పు, నేనేం అనలేదు. ఒకావిడ మాత్రం (ఎవరో చెప్పను) జలుబు సిరప్ రెండు చుక్కలు నాలిక మీద వేస్తే హాయిగా పడుకుంటాడంది. నేను పనిచేసేది మందుల కంపెనీలో, అది విని నాకు చెమటలు పట్టాయి. తర్వాత పిల్లల డాక్టరుగారికి చెప్తే ఆయన కుర్చీలోంచి లేచినంత పని చేశారు, నిద్ర కోసం ఈ వయసు పిల్లలకి అలాంటి సిరప్ ఏదీ వెయ్యకూడదు, ఊపిరికే ప్రమాదం అన్నారు.

ఆ డాక్టరుగారు గాజువాకలోనే. ముందు బరువు చూశారు, చెవులు చూశారు, గురక పెడతాడా, పాలు కక్కుతాడా, విటమిన్ డి చుక్కలు వేస్తున్నారా అన్నీ అడిగి, పిల్లాడికి ఏ జబ్బూ లేదన్నారు. తర్వాత చెప్పింది నాకు బాగా ఎక్కింది. పెద్దవాళ్ళం కూడా రాత్రి చాలాసార్లు సగం సగం లేస్తామట, దిండు సర్దుకుని మళ్ళీ పడుకుంటాం కాబట్టి గుర్తుండదు. చంటిపిల్లలకి ఆ రౌండు గంటలోపే అయిపోతుంది, పైగా నాలుగో నెల దగ్గర నిద్ర తీరే మారుతుంది. "మీరు మీ మంచం మీద పడుకుని, కళ్ళు తెరిచేసరికి ఎన్ఏడీ జంక్షన్లో ఉంటే కేక పెట్టరా? వాడు నాన్న భుజం మీద పడుకున్నాడు, లేచేసరికి భుజం లేదు, అదీ కేక" అన్నారు. అంటే రాత్రి లేవడం తప్పు కాదు, ఎక్కడ నిద్రపోయాడో అక్కడే లేవాలి. నాలుగు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకి పగలూ రాత్రీ కలిపి 12 నుంచి 16 గంటల నిద్ర కావాలని, ఈ వయసులో రాత్రి ఒకటి రెండుసార్లు పాలు తాగడం మామూలేనని, అవి మాన్పించక్కర్లేదని కూడా చెప్పారు.

వస్తూ వస్తూ ఇంకొన్ని అక్షింతలు. తల గుండ్రంగా రావాలని పెట్టిన ఆవాల దిండు తీసెయ్యమన్నారు. వెల్లకిలా, గట్టి పరుపు మీద, చదునుగా, పక్కన దిండూ దుప్పటీ బొమ్మా ఏమీ లేకుండా పడుకోబెట్టాలి. ఉయ్యాల్లో గెడ్డం ఛాతీకి ఆనుకుని ఒళ్ళు ఒంగిపోతే ఊపిరి సరిగ్గా ఆడదు, కళ్ళముందు కాసేపు ఊపుకుంటే ఊపుకోండి గానీ రాత్రంతా అందులో వద్దు అన్నారు. సాంబ్రాణి పొగ వద్దన్నారు. పొగ దగ్గర మా అమ్మకి కోపం వచ్చేసింది, "నిన్ను పెంచినప్పుడు పొగ వెయ్యలేదేట్రా, నువ్వు బతకలేదేటి" అని దార్లో ఆటో ఎక్కేదాకా అంటూనే ఉంది.

మా ఫీల్డులో ఒక మాటుంది, రాయకపోతే జరగనట్టే. సరే అని పాత డైరీ తీసి బ్యాచ్ రికార్డులా (ఒక్కో విడత మందు తయారీలో ఏ పని ఎప్పుడు ఎవరు చేశారో రాసే పుస్తకం) గళ్ళు కొట్టాను, పడుకున్న టైము, లేచిన టైము, ఎలా పడుకున్నాడు, ఎవరు పడుకోబెట్టారు. వారం రోజులు ఏమీ మార్చకుండా రాయడమే. నేను లేనప్పుడు మా ఆవిడ రాసేది. వారం అయ్యాక కూర్చుని చూస్తే పగలు అరగంట అరగంట కునుకులు ఐదు, ఆఖరి కునుకు రాత్రి ఏడున్నరకి, మధ్యలో ఒక్కోసారి మూడున్నర గంటలు మెలకువ. ఆ వయసుకి రెండు రెండుంపావు గంటలకి మించి ఆగలేరట, ఆ టైము దాటిందంటే అలిసిపోయి పడుకుంటారనుకుంటాం గానీ అలిసిపోతే ఇంకా రెచ్చిపోతారు.

బి షిఫ్ట్ రోజుల్లో మా ఆవిడ చేతిరాతలో ఒక లైను ఉంది. "10:50 - నాన్న వచ్చాడు. 11:40 - ఏడుపు." అది ఒకరోజు కాదు, ఆ వారం ఐదు రోజులూ అదే. నేను షిఫ్ట్ నుంచి వచ్చి, రోజంతా చూడలేదు కదా అని, మత్తులో ఉన్నవాడిని ఎత్తుకుని ఎగరేసి నవ్వించేవాడిని, వాడు కిలకిలా నవ్వుతుంటే మా ఆవిడ ఏమీ అనేది కాదు. డీవియేషన్ వస్తే, అంటే పని అనుకున్నట్టు జరక్కపోతే, రూట్ కాజ్, అంటే అసలు కారణం, వెతుకుతాం కదా మేము. ఇక్కడ రూట్ కాజ్ నేనే.

పక్క షిఫ్ట్ అతన్ని బతిమాలి రెండు వారాలు 'ఏ' షిఫ్ట్ వేయించుకున్నాను. ఇప్పుడు లేచేది ఎలాగూ నాలుగున్నరకే కాబట్టి రాత్రి కాపలా నాది, వాళ్ళమ్మ దగ్గరకొస్తే పాల వాసనకి ఇంకేమీ వద్దంటాడు, అందుకని నిద్రపుచ్చే పని నాన్నే చెయ్యాలని డాక్టరుగారు కూడా అన్నారు. మా మంచం పక్కనే క్రిబ్, అదే కటకటాల పిల్లల మంచం, వేశాం. ఏడింటికి తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి పల్చటి కాటన్ జుబ్బా, టోపీ సాక్సులు లేవు (దీనికీ గొడవే, కానీ ఏప్రిల్లో వైజాగ్ ఉక్కపోతకి సాక్సులేంటండీ), లైటు వేసి ఉండగానే పాలు, తేన్పు వచ్చేదాకా భుజం మీద, లైటు తగ్గించి ఒక్క జోలపాట, నా గొంతులో. తర్వాత మెలకువగా ఉండగానే క్రిబ్‌లో దించి నేను పక్కన కుర్చీలో కూర్చోవాలి, చెయ్యి వెయ్యొచ్చు, జోకొట్టొచ్చు, ఎత్తుకోకూడదు, మూడు రాత్రులకోసారి కుర్చీ కొంచెం వెనక్కి. ఒంటరిగా వదిలేసి తలుపేసుకునే పద్ధతి కూడా ఉంది, మా వల్ల కాదనుకున్నాం.

మొదటి రాత్రి 47 నిమిషాలు ఏడ్చాడు. 47 అని రాసి ఉంది కాబట్టి చెప్తున్నాను, నాకైతే సింహాచలం మెట్లన్నీ వాణ్ణి ఎత్తుకుని ఎక్కినంతసేపు అనిపించింది. ఇరవయ్యో నిమిషానికి మా అమ్మ గుమ్మంలో నిలబడింది. "ఏట్రా అది, గుంటడ్ని అలగ ఏడిపించేస్తన్నావు, కన్నతండ్రివేనా." నేను మాట్లాడలేదు, మాట్లాడితే నేనూ ఏడ్చేసేలా ఉన్నాను. ఆవిడ విసురుగా బాల్కనీలోకి పోయి హైవే మీద లారీలు చూస్తూ కూర్చుంది. మా ఆవిడ వేరే గదిలో, ఏడుపు వినేసరికి పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది, పాపం తనది ఇంకో నరకం. చివరికి వాడు నా చూపుడు వేలు గట్టిగా పట్టుకుని, వెక్కుతూ వెక్కుతూ పడుకున్నాడు. ఆ వేలు తీసుకోవడానికి ఇంకో పావుగంట.

రెండో రాత్రి 31. మూడో రాత్రి 40, ముందు రాత్రి కంటే ఎక్కువ, ఆ రాత్రి ఒంటిగంటన్నరకి మళ్ళీ లేస్తే నేను ఓడిపోయాను, ఎత్తుకుని హాల్లో తిరిగేశాను, డైరీలో నిజాయితీగా రాశాను కూడా. నాలుగో రాత్రి 18. ఏడో రాత్రి 9 నిమిషాలు, అదీ ఏడుపు కాదు, సణుగుడు. రాత్రి లేచినప్పుడు వెంటనే దూకకుండా రెండు మూడు నిమిషాలు ఆగడం నేర్చుకున్నాను, సగం సార్లు కళ్ళు తెరవకుండానే మూలిగి మళ్ళీ పడుకునేవాడు, ఇన్నాళ్ళూ మనమే పరిగెత్తుకెళ్ళి లేపేశామన్నమాట. పన్నెండింటికోసారి, నాలుగింటికోసారి పాలు, అవి అలాగే ఉంచాం.

మధ్యలో మా ఆవిడకి బెంగ పట్టుకుంది, ఇలా ఏడిస్తే వాడి మనసు మీద పడుతుందేమో అని. డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆస్ట్రేలియాలో చేసిన ఒక స్టడీ గురించి చెప్పారు, 2012లో వచ్చింది, ఏడు నెలల వయసులో నిద్ర సరిగ్గా లేని పిల్లలని తీసుకుని, ఇలా పక్కన కూర్చునే పద్ధతి లాంటివి నేర్పించి, ఆరేళ్ళు వచ్చాక మళ్ళీ చూశారట. నష్టం ఏమీ కనపడలేదు, అలాగని అన్నేళ్ళ తర్వాత ప్రత్యేక లాభమూ మిగల్లేదు. ఆ రెండో ముక్క నాకు నచ్చింది, అంటే చెయ్యలేనివాళ్ళ పిల్లలేమీ పాడైపోరు.

ఇంకో చిక్కు, పొద్దున్నే ఐదున్నరకి లేచి కూర్చోబెట్టమని గోల. మనది తూర్పు తీరం, ఏప్రిల్ ఆఖరుకి ఐదున్నరకే వెలుగు, మే చివరికొచ్చేసరికి ఇంకా ముందే, మా బెడ్రూమ్ కిటికీ సరిగ్గా తూర్పుకి. గాజువాకలో నల్ల లైనింగ్ గుడ్డ కొని కర్టెన్ వెనక కుట్టించాను, ఆరున్నర దాకా సాగింది. ఇన్ని కష్టాల్లో ఇదొక్కటే మొదటిరోజే పనిచేసింది.

తర్వాత జలుబు చేసింది, ఒక వారం అంతా భుజం మీదే. మళ్ళీ మొదటికొచ్చిందనుకున్నాం గానీ తగ్గాక రెండు రాత్రుల్లో దారిలోకొచ్చేశాడు.

ఇప్పుడు అసలు సంగతి. మా ఆవిడ బ్యాంకుకి వెళ్ళడం మొదలుపెట్టాక పగలు అమ్మ దగ్గరే. పగలు కూడా క్రిబ్‌లోనే పడుకోబెట్టాలి, ఉయ్యాల వద్దు, అని గట్టిగా చెప్పాను, సరేరా అంది. డైరీలో రాయమంటే నా కళ్ళకి ఆ గళ్ళు కనపడవని తెలుగు క్యాలెండర్ మీద తిథి పక్కన పెన్సిల్ గీతలు పెట్టేది, కునుకుకో గీత. గీతలు మూడే ఉండేవి, కానీ బాగా పొడుగు. ఒకరోజు షిఫ్ట్ అయ్యి తొందరగా వచ్చేసరికి అమ్మ సోఫాలో, ఒక కాలు నేల మీద, ఇంకో కాలి బొటనవేలికి తాడు, ఆ తాడు అవతల ఆరువేల ఉయ్యాల, ప్లగ్గు పీకేసి. వాడు గంటన్నర నుంచి నిద్రట. ఆవిడ వాడి మొహం మీంచి కళ్ళు తిప్పడం లేదు, గెడ్డం దగ్గర చీర మడత సర్దుతూనే ఉంది.

నేను పోట్లాడదామని డైరీ తీశాను. తీసి చూస్తే, ఉయ్యాల మొదలైన దగ్గర్నుంచి రాత్రి నిద్ర చెడలేదు సరికదా, పగలు బాగా పడుకున్న రోజు రాత్రి ఇంకా బాగుంది. ఎంత వెతికినా నా వాదనకి పనికొచ్చే ఒక్క లైను లేదు. వాడికి పగలు మామ్మా తాడూ, రాత్రి చీకటీ క్రిబ్బూ అని విడివిడిగా తెలిసిపోయింది. సరే, నువ్వు పక్కనుండి చూసుకున్నంతసేపే, నువ్వు కునుకు తీస్తే మాత్రం వాణ్ణి క్రిబ్‌లోకి మార్చు అన్నాను. "నానెప్పుడు కునుకు తీశాన్రా" అంది.

ఇప్పుడు వాడికి పది నెలలు. రాత్రి ఏడుంపావుకి పడుకుంటాడు, నాలుగింటికి ఒక్కసారి పాలు, కొన్ని రోజులు అదీ లేదు. ఈ వారం నాకు సి షిఫ్ట్, పొద్దున ఏడింటికి వచ్చి ఆ నల్ల కర్టెన్ గదిలో నేను పడుకుంటున్నాను. పది నిమిషాలకోసారి తలుపు బయట బుడ్డోడు, స్టీలు గిన్నెతో.