వెన్నముద్ద ముందు నలభై నిమిషాలు

మొన్న ఆదివారం కావలి నుంచి పిన్ని, బాబాయి వస్తే మహాబలిపురం తీసుకెళ్లాం. పొద్దున్నే ఆరింటికల్లా బయల్దేరాలని రాత్రి గట్టిగా అనుకున్నాం గానీ ఇడ్లీలు, బాబాయి బీపీ మాత్ర, పిన్ని కట్టిన చీర విప్పి ఇంకోటి కట్టడం, ఇవన్నీ అయ్యి వేళచ్చేరిలో కారెక్కేసరికి పది దాటింది. ఆదివారం పది తర్వాత ఈసీఆర్, అదే సముద్రం పక్క రోడ్డు, ఎలా ఉంటుందో చెన్నైలో ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. అయినా ఇది ట్రాఫిక్ గోల కాదు. కృష్ణుడి వెన్నముద్ద ముందు మేం నిలబడ్డ నలభై నిమిషాల గోల.

చూడనివాళ్లకి చెప్తాను. పెద్ద ఏటవాలు బండ, దాని మీద 6 మీటర్ల ఎత్తు గుండ్రాయి. బరువు 250 టన్నులంటారు. దొర్లుకుంటూ వస్తూ మధ్యలో ఏదో గుర్తొచ్చి ఆగిపోయినట్టు ఉంటుంది. 1908లో మద్రాసు గవర్నరు ఆర్థర్ లాలీ ఇదెప్పుడో ఊరి మీద పడుతుందని భయపడి 7 ఏనుగుల్ని కట్టి లాగించాడని, ఇసుమంత కూడా కదల్లేదని అక్కడ గైడ్లు చెప్తారు. ఆ తర్వాత 2019 అక్టోబరులో మోదీ, షీ జిన్‌పింగ్ ఇక్కడికొచ్చి ఈ రాయి ముందు చెయ్యీ చెయ్యీ కలిపి పైకెత్తి ఫోటో దిగారు కదా, అది టీవీలో చూసినప్పటి నుంచి మా పిన్నికి ఒకటే కోరిక. "నేనూ మీ బాబాయీ అచ్చం అట్టానే దిగాల." బాబాయి మోదీయా, షీ జిన్‌పింగా అన్న చర్చ తిరువాన్మియూర్ సిగ్నల్ నుంచి కోవళం దాకా నడిచింది.

వెళ్లి చూస్తే రాయి ముందు జనం. వరుస లేదు, ఎవరు ముందో ఎవరు వెనకో తెలీదు. ఆ రాయితో అందరూ దిగేవి ముఖ్యంగా రెండు ఫోటోలు. ఒకటి, రాయి కిందే నిలబడి రెండు చేతులూ ఆనించి ఆపుతున్నట్టు. రెండోది, దూరంగా నిలబడి వేలి కొస మీద రాయిని మోస్తున్నట్టు. అసలు తగువంతా ఈ రెంటి మధ్యే. వేలి మీద రాయి నిలవాలంటే మనిషి ఫోనుకి దగ్గరగా, రాయికి బాగా దూరంగా ఉండాలి, మధ్యలో ఉన్న నేలంతా ఖాళీగా ఉండాలి. ఆ మధ్యలోనేమో మొదటి రకం వాళ్లు రాయిని ఆపుతూ ఉంటారు. వాళ్ల ఫోటోలో వీళ్లు అడ్డం, వీళ్ల ఫోటోలో వాళ్లు అడ్డం. ఇద్దరి తప్పూ లేదు. కానీ ఇద్దరి మొహాలూ చూడాలి!

మా ముందు పద్నాలుగు మంది ఉన్న ఒక కుటుంబం. అందరూ కలిసి ఒకటి, ఆడవాళ్లు ఒకటి, మగవాళ్లు ఒకటి, తోడికోడళ్లు ఒకటి, ఆ తర్వాత ఒక్కొక్కళ్లకీ విడివిడిగా. అది అయ్యేసరికి పక్క నుంచి ఒక అమ్మాయి వచ్చి రీలు మొదలెట్టింది. అదే అడుగు, అదే తిరగడం, అదే నవ్వు, తొమ్మిదిసార్లు లెక్కపెట్టాను. ఆ అమ్మాయి స్నేహితురాలు బాబాయిని చూసి "అంకుల్, ఫ్రేములోకి వస్తున్నారు, కొంచెం జరగండి" అంది. బాబాయి జరిగాడు. రెండోసారి జరిగాడు. మూడోసారి మాత్రం "నేనూ నలభై రూపాయల టిక్కెట్టు కొనే వచ్చానమ్మా" అన్నాడు, తెలుగులో, మెల్లగా. ఆ పిల్లకి అర్థం కాలేదు, నవ్వేసి ఊరుకుంది.

నేను అక్కడ నిలబడి గమనించింది ఒకటుంది. ఫోటో తీయడానికి నిజంగా పట్టేది పది సెకన్లు. మిగతా టైమంతా తీసిన ఫోటోని అక్కడే నిలబడి చూసుకోవడానికే పోతుంది. నొక్కగానే నలుగురూ ఫోను చుట్టూ మూగుతారు. ఒకరు కళ్లు మూశారు, ఒకరి చున్నీ ఎగిరింది, ఒకావిడకి తను లావుగా కనిపించింది, మళ్లీ దిగుదాం అంటారు. ఆ చూసుకునేదేదో ఆరడుగులు పక్కకి జరిగి చూసుకుంటే ఈలోగా వెనకవాళ్లు దిగిపోతారు, నచ్చకపోతే మళ్లీ వచ్చి నిలబడొచ్చు. మా ఆయన ఇది ఒక పెద్దాయనకి ఎంతో మర్యాదగా తమిళంలో చెప్పబోయాడు. మా ఆయన తమిళం ఆటోవాళ్లతో బేరమాడటానికి బాగుంటుంది గానీ మర్యాదకి సరిపోదు. ఆ పెద్దాయన కోప్పడ్డాడు.

సరే, మా వంతు వచ్చింది. ఇక్కడ నా భాగోతం కూడా చెప్పాలి.

ఆ బండ మీద పిల్లలు జారుతుంటారు. ఏళ్ల తరబడి ఎందరు జారారో, జారే దారి అద్దంలా నున్నబడిపోయింది. పిన్ని, బాబాయి చేతులు కలిపి ఎత్తారు, నేను కింద కూర్చుని ఫోను పట్టుకున్నాను, సరిగ్గా వాళ్ల వెనకాల ఒక ఏడేళ్ల పిల్లాడు రయ్యిన జారుకుంటూ వచ్చాడు. మళ్లీ ఎక్కాడు, మళ్లీ జారాడు. నేను చిరాగ్గా "తంబీ, అక్కడ్నుంచి లే, ఫోటో తీస్తున్నా" అని అరిచాను. వాడు భయపడి లేచి నిలబడ్డాడు. వాళ్లమ్మ ఒక్క మాట కూడా అనలేదు, నా వైపు అలా చూసిందంతే. వాడు ఆ రాయి దగ్గరికి ఆడుకోవడానికి వచ్చాడు. నలభై నిమిషాలుగా నేను తిట్టుకుంటున్న వాళ్లకీ నాకూ తేడా ఏముందనిపించింది. "నువ్వు జారు కన్నా, నువ్వు జారు" అని ఫోను దించేశాను. పిన్నికి కోపం. "ఏందే, అంతసేపు నిలబడింది దీనికా?"

నాకిది మొదటిసారి కాదు కూడా. నాలుగేళ్ల క్రితం కొత్తగా కెమెరా కొన్న ఊపులో ఒక ఆదివారం తెల్లారకముందే చెన్నైలో చేపల పడవలు ఆగే కాశిమేడు హార్బరుకి వెళ్లాను. ఆదివారం తెల్లవారుజామున కాశిమేడులో చేపలెన్నో కెమెరాలన్ని. వలల మీద, పడవల మీద, మంచు పెట్టెల మీద ఎక్కి మరీ తీస్తారు, అదీ తలమీద యాభై కిలోల బుట్టతో పరుగెత్తే మనిషికి అడ్డం నిలబడి. నేనేమో బుద్ధిమంతురాలిలా దూరం నుంచి జూమ్ చేసి, చేపలు కోస్తున్న ఒక ముసలావిడని తీశాను. దూరం నుంచి తీస్తే మర్యాద అనుకున్నాను, నిజానికది భయం. ఆవిడ చూసేసింది, కత్తి పక్కనబెట్టి రమ్మని చెయ్యి ఊపింది.

"ఎదుక్కుమ్మా?" అంది. ఎందుకు తీశావని. బాగుందని తీశానన్నాను. "దీనికి నీకు ఎంత వస్తుంది?" అంది. ఏమీ రాదన్నాను. "రానిదానికి ఇంత పొద్దున్నే లేచి వచ్చావా?" అని పక్కావిడతో కలిసి నవ్వింది. ఆ నవ్వుకి నా దగ్గర జవాబు లేదు. ఫోటో ఆవిడకి చూపించి, ఆవిడ ముందే చెరిపేశాను. అప్పుడు "సరే, చేపలు కొంటావా?" అంది. అరకిలో శంకరా చేపలు కొన్నాను, ధర మామూలు కన్నా ఎక్కువే చెప్పి ఉంటుందని నా అనుమానం. అప్పట్నుంచి మనుషుల్ని తీయాలంటే ముందు అడుగుతాను. అడిగితే ఆ సహజమైన క్షణం పోతుందని ఫోటోలు బాగా తీసే స్నేహితులు అంటారు. పోతుంది, నిజమే. పోతే పోయింది. అడక్కుండా మన పిల్లల్ని ఎవడో తీసి ఇన్‌స్టాలో పెడితే మనం ఎంత గోల చేస్తాం!

మహాబలిపురంలో విదేశీయుల వెంట పడటం మరో కథ. సముద్రపు ఒడ్డు గుడి దగ్గర ఒక జంట, చంకలో రాగిజుట్టు పాపాయి. మొదటి సెల్ఫీకి నవ్వారు, రెండో దానికీ నవ్వారు, ఐదో గుంపు వచ్చేసరికి పాప ఏడుపు లంకించుకుంది. ఇంకా ఎవరో ఆ పాప బుగ్గ గిల్లుతూనే ఉన్నారు. రాజసింహ పల్లవుడు కట్టించిన గుడి వెనకాల ఉంది, పదమూడు వందల ఏళ్లుగా ఉప్పుగాలికి అరిగిపోతున్న రాతి బొమ్మలు ఉన్నాయి, అటు ఒక్కడూ చూడ్డం లేదు.

ఇంకో మాట, ప్రీ వెడ్డింగ్ షూట్ల వాళ్లకి. పురావస్తు శాఖ కట్టడాల్లో ఫోనుతోనో, చేతి కెమెరాతోనో ఫోటోలు తీసుకోవచ్చు గానీ, ట్రైపాడ్ పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి, డ్రోనుకైతే సరేసరి. మొన్న పంచరథాల దగ్గర ఒక జంట ట్రైపాడ్, గొడుగు లైటు, గౌను తోక మోయడానికి ఇద్దరు మనుషులతో దిగారు. కాపలా మనిషి వచ్చి అడిగితే "ఐదు నిమిషాలే సార్" అన్నారు. మహాబలిపురంలోనే అర్జున తపస్సు అనే రాతి శిల్పంలో ముందు కాళ్లు పైకెత్తి నిలబడి తపస్సు చేసే పిల్లి ఉంటుంది, చుట్టూ ఎలుకలు నమ్మకంగా తిరుగుతుంటాయి. ఆ పిల్లి మొహం గుర్తొచ్చింది నాకు.

అన్నిచోట్లా తిట్టుకునేట్టే ఉండదులెండి. మైలాపూర్లో జనవరి ఉత్సవం అప్పుడు ఉత్తర మాడ వీధిలో ముగ్గుల పోటీ పెడతారు. ఒకసారి ఒకబ్బాయి పైనుంచి ఫోటో కోసం వెనక్కి వెనక్కి నడిచి ఒకావిడ వేసిన కోలం అంచు తొక్కేశాడు. ఆవిడ అరవలేదు. వాడి చేతిలో ముగ్గుపిండి డబ్బా పెట్టి "నువ్వే దిద్దు" అంది. వాడు చెమటలు కక్కుతూ వంకరటింకరగా దిద్దాడు, చుట్టూ ఉన్నవాళ్లంతా వాడి ఫోటోలు తీశారు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు అనుకోకండి. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అనే చిన్న ఊళ్లో సెల్ఫీల జనం తాకిడి పడలేక 2023లో కొండలు కనపడకుండా చెక్క కంచె కట్టారు, గొడవయ్యాక తీసేశారు. జపాన్లో ఫుజికావాగుచికోలో ఒక దుకాణం వెనకాల ఫుజి పర్వతం కనిపించే చోట జనం రోడ్డుకి అడ్డం పడుతుంటే 2024 మేలో 20 మీటర్ల పొడవున నల్లతెర కట్టారు. కొండకి తెర కట్టుకోవాల్సి వచ్చిందంటే ఆ ఊరివాళ్లు ఎంత విసిగిపోయి ఉంటారో.

మన తమిళనాడులో గుళ్ల సంగతి కూడా అంతే. 2022 డిసెంబరులో మద్రాసు హైకోర్టు మదురై బెంచి రాష్ట్రంలోని గుళ్లలోకి ఫోన్లు వద్దంది. మదురై మీనాక్షి గుళ్లోకైతే అంతకు ముందు నుంచే తీసుకెళ్లనివ్వరు. అక్కడ ఫోను ఇచ్చేసి టోకెన్ తీసుకుని లోపలికెళ్తే, మొదటి పావుగంట నా చెయ్యి బ్యాగులోకి పోతూనే ఉంది, లేని ఫోను కోసం. మా ఆయనా అంతే. ఆ తర్వాత ఒక స్తంభం పక్కన ఊరికే కూర్చున్నాం. ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు గానీ ఎవ్వరూ మమ్మల్ని జరగమనలేదు.

నిషేధాలు నాకు ఇష్టమని కాదు. పిన్ని లాంటివాళ్లు ఏడాదికోసారి ఊరు దాటుతారు, వాళ్లకి ఆ ఫోటో కావాలి, గోడకి తగిలించుకోవాలి, పక్కింటావిడకి చూపించాలి. వద్దనడానికి నేనెవర్ని?

ఆ రోజు పిన్ని మొహం చూళ్లేక చివరికి అక్కడ మెడలో కెమెరా, భుజాన ప్రింటరు సంచి వేసుకుని తిరిగే ఫోటోగ్రాఫరు ఒకాయన్ని పిలిచాను. ముప్పై ఏళ్లుగా ఇదే పనంట. ఆయన ఎవర్నీ జరగమనలేదు. పిన్నినీ బాబాయినీ రెండడుగులు ఎడమకి నిలబెట్టాడు, తను గొంతుక్కూర్చున్నాడు, ఒక గుంపు వెళ్లి ఇంకో గుంపు వచ్చేలోపు "చేతులు ఎత్తండి" అన్నాడు, రెండుసార్లు నొక్కాడు, లేచి పక్కకొచ్చి చెట్టు కింద ప్రింటు తీసిచ్చాడు. అంతా కలిపి ఒకటిన్నర నిమిషం. మనం ఫోన్లు చేతిలో పెట్టుకుని నలభై నిమిషాలు ఏం చేశామో మరి.

ఆ ఫోటో ఇప్పుడు కావలిలో టీవీ పక్కన ఉంది. నిన్న వీడియో కాల్లో పిన్ని చూపించింది. బాబాయి కళ్లు మూసుకున్నాడు. పిన్ని మాత్రం అచ్చం దేశాధినేతలాగే ఉంది. వాళ్లిద్దరి ఎత్తిన చేతుల కింద, మధ్య సందులోంచి, ఆ పిల్లాడు రెండు కాళ్లూ బార్లా చాపి జారుతూ నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. పక్కింటావిడ "వీడెవడే, మీ మనవడా?" అని అడిగిందంట.