బడి గోడ మీద బొగ్గు రంగు పాప

బుధవారం, చెన్నై.

పొద్దున పాపను దింపడానికి వెళ్తే బడి గేటు పక్క గోడ నిండా కొత్త బొమ్మలు. ఒక వైపు మంచి అలవాట్లు, ఇంకో వైపు చెడ్డ అలవాట్లు. పళ్ళు తోముకునే పిల్ల, చేతులు కడుక్కునే పిల్లాడు, పెద్దవాళ్ళకు దణ్ణం పెట్టే పిల్ల, అందరూ గులాబీ రంగు. చెత్త రోడ్డు మీద పడేసే పిల్ల, పక్కవాణ్ణి కొట్టే పిల్లాడు బొగ్గు రంగు. రెండు డబ్బాల రంగుతో పని తేల్చేశారు.

మా పాపకు నా ఛాయే వచ్చింది. చెత్త పడేసే పిల్ల ముందు ఆగి, "అమ్మా, ఈ పాప స్నానం చేస్తే ఆ పాపలాగా అయిపోతుందా?" అని అడిగింది. "అవదు నాన్నా, రంగుకీ స్నానానికీ సంబంధం లేదు" అన్నాను. ఇంతలో బెల్లు కొట్టారు, లోపలికి పరిగెత్తింది. నేను ఆ గోడ ముందే నిలబడిపోయాను.

ఆ బొమ్మలు వేసినాయన మీద నాకు కోపం లేదు. మా పాప పుట్టినప్పుడు ఆస్పత్రికి వచ్చిన మావాళ్ళు ముందు అడిగింది బరువు కాదు, రంగు. "పర్లేదులే, పెరిగేకొద్దీ తేరుతుంది" అని నన్ను ఓదార్చారు కూడా. కానీ ఇంట్లో అన్న మాట ఇంట్లోనే పోతుంది. బడి గోడ మీద వేస్తే అది పాఠం. రోజూ రెండు పూటలా పిల్లలు దాని ముందు నుంచే నడవాలి.

బస్సులో అంతసేపూ అదే ఆలోచన. మౌంట్ రోడ్డులో స్పెన్సర్ ప్లాజా దగ్గర సిగ్నల్ పడింది. ఈ చుట్టుపక్కలే ఒకప్పుడు కర్నల్ నీల్ విగ్రహం ఉండేది. 1857 తిరుగుబాటప్పుడు మద్రాసు ఫ్యూజిలియర్స్ దళంతో వెళ్ళి, అలహాబాదులో జనాన్ని ఉరితీయించినవాడు. కాన్పూరులో పట్టుబడ్డవాళ్ళ చేత నేల మీది నెత్తురు నాకించి మరీ ఉరికి పంపించాడు. అలాంటివాణ్ణి వీరుడని మౌంట్ రోడ్డులో నిలబెట్టారు. మనవాళ్ళు పనికి వెళ్తూ వస్తూ తలెత్తి చూడాల్సింది ఆ ముఖాన్ని. 1927లో దాన్ని తీసేయాలని సత్యాగ్రహం మొదలైంది. కడలూరు అంజలై అమ్మాళ్ చిన్నపిల్ల అయిన తన కూతుర్ని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. తల్లీకూతుళ్ళు జైలుకు వెళ్ళారు. ఎప్పుడు చదివినా ఆ చిన్నపిల్ల దగ్గరే నా మనసు ఆగిపోతుంది. చివరికి 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాక విగ్రహాన్ని తీసి ఎగ్మూరు మ్యూజియానికి చేర్చారు. పదేళ్ళు పట్టింది. పగలగొట్టలేదు, దాచేయలేదు. కావాలనుకున్నవాళ్ళు వెళ్ళి చూస్తారు, రోడ్డున పోయేవాళ్ళు మొక్కినట్టు చూడక్కర్లేదు. ఇంగ్లండులోని బ్రిస్టల్లో 2020లో జనం నీళ్ళలో పడేసిన బానిసల వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహాన్ని కూడా బయటికి తీసి, జనం పూసిన రంగు మరకలతోనే మ్యూజియంలో పడుకోబెట్టారు. నాకు ఈ పద్ధతే సరైనదనిపిస్తుంది.

ఇంకాస్త ముందుకు పోతే ఒకప్పటి మద్రాసు గవర్నరు మన్రో దొర విగ్రహం, రికాబులు లేని గుర్రం మీద. ఆయన్ని ఎవరూ కదిలించలేదు. మాది పత్తికొండ వైపు, ఆయన 1827లో కలరాతో పోయింది అక్కడే. మా సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. ఆయనా ఈస్టిండియా కంపెనీ దొరే, పన్నులు వసూలు చేసినవాడే. అయినా జనం తేడా చూశారు. విగ్రహాలు తీసేయమని అడిగేవాళ్ళు తెల్లవాడి బొమ్మ కనబడితే చాలు మీద పడతారనే మాట అందుకే నాకు నచ్చదు.

సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ మేడమ్‌ని కలిశాను. నా తమిళం టెన్షన్‌లో ఇంకా తడబడింది. ఆవిడ బయటికి వచ్చి గోడ వైపు కాసేపు చూశారు. "నేను దీన్ని ఇలా చూడనే లేదు" అన్నారు. పెయింటర్‌కి డబ్బులు ఇచ్చేశామని, మళ్ళీ పిలవాలంటే పైనుంచి అనుమతి కావాలని, ఒక లెటర్ రాసిమ్మని చెప్పారు. రంగు ఖర్చు మేం పెట్టుకుంటామన్నాను. గోడంతా చెరపక్కర్లేదు, పిల్లలందరికీ మన పిల్లల రంగులే వేస్తే చాలు, పళ్ళు తోముకునే పిల్లతో సహా.

లెటర్ రాసేసరికి పదిన్నరయింది. ఇంకో ఇద్దరు తల్లులు సంతకం పెడతామన్నారు. తమిళంలో తప్పులుంటే దిద్దుతానని పక్కింటి అక్క అన్నారు. రేపు పాపను దింపేటప్పుడు ఇవ్వాలి.