గులియన్ బారే తరువాత గొలుసు కుట్టు

విరేచనాలు తగ్గి వారం దాటాక నా అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది. అది పిక్కలకు, తొడలకు పాకి నన్ను మెట్లు ఎక్కలేని స్థితికి తెచ్చింది; చేతులకు చేరేసరికి చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా నా వల్ల కాలేదు. నరాల పరీక్ష, వెన్నులోంచి తీసిన నీటి పరీక్ష చూసి వైద్యులు దీనిని గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు. 2025 ఆరంభంలో పుణెలో కేసులు పెరిగినప్పుడు పత్రికల్లో ఈ పేరు చదివి పేజీ తిప్పేసినవాళ్లలో నేనూ ఒకడిని. సూక్ష్మక్రిమితో పోరాడవలసిన రోగనిరోధక వ్యవస్థ పొరబడి సొంత నరాలనే దెబ్బతీయడం వల్ల ఈ జబ్బు వస్తుంది. శరీర బరువును బట్టి లెక్కగట్టిన ఇమ్యునోగ్లోబులిన్‌ను (దాతల రక్తం నుంచి తీసిన ప్రతిరక్షకాల మందు) ఐదు రోజులపాటు ఎక్కించారు. ఊపిరి తీసుకునే కండరాల దాకా పాకకుండా జబ్బు ఆగింది.

కాళ్లు ముందు కోలుకున్నాయి. వేళ్ల కొసలు మాత్రం మొద్దుబారే ఉన్నాయి. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు బట్టల క్లిప్పులు నొక్కుతూ, పళ్లెంలోని శనగలు ఒక్కొక్కటిగా ఏరుతూ విసిగిపోయి ఉన్నప్పుడు, బడిలో కుట్లు నేర్పి రిటైరైన మా అక్క గుడ్డను బిగించే ఒక చెక్క రింగు, కేస్‌మెంట్ అనే నూలు గుడ్డ ముక్క, యాంకర్ కంపెనీ ఎంబ్రాయిడరీ దారం లచ్ఛీలు తెచ్చి నా ముందు పెట్టింది. ఆ దారంలో ఆరు పోగులుంటాయి. కొత్తవాళ్లు సాధారణంగా రెండో మూడో పోగులు విడదీసి కుడతారు గానీ, నా వేళ్లకు అంత సన్నని దారం పట్టు దొరకనందున ఆరూ కలిపి, పెద్ద కన్నున్న 3వ నంబరు సూదితో మొదలుపెట్టించింది. “దారం మోచేతి దాకా చాలురా, అంతకన్నా పొడుగైతే చిక్కుపడుతుంది,” అనేది ప్రతిసారీ.

రన్నింగ్ కుట్టు తేలికనుకున్నాను, కానీ గుడ్డ అడుగున సూది మొన ఎక్కడుందో వేలికి తెలియనప్పుడు అదీ కష్టమే. పొడుచుకున్న సంగతి గుడ్డ మీద నెత్తురు మరక చూశాకే తెలిసేది. స్పర్శ చేయవలసిన పని కళ్లతో చేయించవలసి రావడంతో రింగును బల్ల అంచుకు బిగించి, పక్కన దీపం పెట్టుకునేవాడిని. గొలుసు కుట్టు మరింత పరీక్ష పెట్టింది: ఎడమ బొటనవేలితో దారపు ఉచ్చును అదిమిపట్టి, కుడిచేత్తో సూదిని అందులోంచి బయటికి తీసి, ఉచ్చు నిండుగా నిలిచేంత మాత్రమే లాగాలి. బలంగా లాగితే గుడ్డ ముడతలు పడుతుంది, వదులుగా వదిలితే ఉచ్చు వేలాడుతుంది. పట్టు ఎంత ఉందో కొలిచే పరికరం చెప్పని విషయాన్ని, అంటే ఎక్కడ ఆగాలో నా చేతికి తెలుస్తోందా లేదా అన్నదాన్ని, ఆ వరుస చెప్పేది.

చూడవచ్చిన బంధువులు రింగును మా ఆవిడదనుకుని జరిపి కూర్చునేవారు. ఆవిడకు సూదిలో దారం ఎక్కించడమంటేనే చిరాకు. మగ్గం వర్క్ దుకాణాల్లో రోజంతా సూది పట్టేది ఎక్కువగా మగవాళ్లేనన్నది ఎవరికీ గుర్తుకు రాదు.

కుట్టు వల్లే నయమైందని ఇప్పుడు కొందరు నా ఎదుటే చెబుతుంటే ఒప్పుకోలేకపోతున్నాను. నరం లోపలి తీగ దెబ్బతింటే అది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మాత్రమే తిరిగి పెరుగుతుంది. ఏ పువ్వు కుట్టినా ఆ వేగం మారదు. మందు, వ్యాయామం, కాలం చేసిన పనిని సూదికి అంటగడితే, ఇదే జబ్బుతో ఉన్న మరొకరు చికిత్స ఆలస్యం చేసుకునే ప్రమాదముంది. కాళ్లలో తిమ్మిరి పైకి పాకుతుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిందే. నేను కుట్టడానికి కారణం అది నచ్చడమే.

ప్రస్తుతం మరింత సన్ననిదైన 7వ నంబరు సూదితో, రెండు పోగులతో కాడ కుట్టు వేస్తున్నాను. ఫ్రెంచ్ నాట్ ఇంకా కుదరడం లేదు, చుట్టిన దారం బిగించేలోపే జారిపోతోంది. గుజరాత్‌లోని కచ్ ప్రాంతపు కుట్టుపని అయిన కచ్ వర్క్ మొదలుపెట్టమని అక్క అంటోంది గానీ, సాయంత్రమయ్యేసరికి వచ్చే నీరసం పూర్తిగా పోలేదు కనుక దానిని వేసవి తరువాతకు వాయిదా వేశాను.