టోకెలౌ ఏడాది: ఉలు మారితే కేంద్రమూ మారుతుంది

టోకెలౌకు స్థిరమైన రాజధాని లేదు. న్యూజిలాండ్ పాలన కింద, పసిఫిక్ సముద్రంలో ఉన్న ఈ ప్రాంతంలో అటాఫు, నుకునోను, ఫకావోఫో అనే మూడు పగడపు దీవులున్నాయి. మూడింటి నేలా కలిపితే 12 చదరపు కిలోమీటర్లకు మించదు, జనం సుమారు 1500. ఇక్కడి ప్రజా జీవితం తెలియాలంటే రెండు సంగతులు పట్టుకోవాలి. ఒకటి ఉలు, అంటే ప్రభుత్వాధినేత, పదవి మారే వరస, రెండోది ఓడ.

మూడేళ్లకొకసారి, సాధారణంగా జనవరిలో, ఎన్నికలు జరుగుతాయి. ప్రతి ఊరూ ఒక ఫైపులేను, ఒక పులెనుకును, జనరల్ ఫోనో అనే చట్టసభకు ప్రతినిధులను ఎన్నుకుంటుంది. ఫైపులే దీవి నాయకుడు. పులెనుకు ఊరి రోజువారీ వ్యవహారాలు చూస్తాడు. పార్టీలు లేవు. ముగ్గురు ఫైపులేలూ ఏడాదికొకరు చొప్పున వంతులవారీగా ఉలు-ఓ-టోకెలౌ (ఉలు పూర్తి పేరు) అవుతారు. ఉలు ఏ దీవివాడైతే ఆ ఏడాది కేంద్రం ఆ దీవే. మూడేళ్లలో ప్రతి దీవికీ ఒక్కో వంతు వస్తుంది కాబట్టి ఎవరికీ చిన్నచూపు ఉండదు. నా దృష్టిలో ఈ వ్యవస్థలో అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు ఇదే.

అయితే ఫోనో ఎన్ని తీర్మానాలు చేసినా ఊళ్లో మాట చెల్లేది తౌపులేగాకే. అది పెద్దల సభ. సభ్యులను ఎంచుకునే పద్ధతి మూడు దీవుల్లో ఒకేలా ఉండదు. ఊరి పనులు, సరకులు, చేపల పంపకం దాని చేతుల్లోనే ఉంటాయి. ఊరంతా కలిసి పట్టిన చేపలను ఒకచోట పరిచి, ఇంటింటి తలలు లెక్కగట్టి పంచుతారు. దీన్ని ఇనాటి అంటారు. వేటకు వెళ్లలేని ముసలివాళ్లకూ వాటా ఉంటుంది.

చిక్కంతా రాకపోకల్లోనే. విమానాశ్రయం లేదు. సమోవాలోని అపియా నుంచి సుమారు 500 కిలోమీటర్లు. ఓడలో ఒక రోజో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. లోతైన రేవు కూడా లేదు. ఓడ పగడపు గట్టు బయటే ఆగుతుంది, మనుషులూ సరకులూ చిన్న పడవల్లో, గట్టులో తవ్విన ఇరుకు దారి గుండా ఒడ్డు చేరాలి. అల పెద్దదైతే ఆ పని ఆగిపోతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపానుల కాలం. ఎన్నికలూ ఆ రోజుల్లోనే వస్తాయి. అందుకే ఇక్కడ సభ తేదీ పెట్టేవాళ్లు ముందు ఓడ తేదీ చూసుకోవాలి.

క్యాలెండరు కూడా ఒకసారి మార్చుకున్నారు. అపియా, వెల్లింగ్టన్‌లతోనే పని ఎక్కువ. అప్పట్లో టోకెలౌలో శుక్రవారమైతే వెల్లింగ్టన్‌లో శనివారం, సెలవు. 2011లో సమోవాతో పాటు డిసెంబరు 30ని వదిలేసి నేరుగా 31లోకి వెళ్లారు. మరుసటి ఏడాది, 2012లో, మూడు దీవుల్లోనూ సౌర విద్యుత్తు ఏర్పాటైంది. దాంతో జనరేటర్ల డీజిలును ఓడలో మోసుకొచ్చే బరువు చాలా తగ్గింది.

స్వయంపాలన ప్రశ్న రెండుసార్లు ఓటుకు వెళ్లింది. గెలవాలంటే మూడింట రెండు వంతులు కావాలి. 2006లో సుమారు 60 శాతం వచ్చింది. 2007 అక్టోబరులో పోలైన 692 చెల్లుబాటు ఓట్లలో 446 అనుకూలం. 16 ఓట్లు తక్కువయ్యాయి. ఓటు దీవుల్లో ఉన్నవాళ్లకే, న్యూజిలాండ్‌లో స్థిరపడిన టోకెలౌవాళ్లు అంతకు ఎన్నో రెట్లున్నా వాళ్లకు లేదు. రెండేళ్ల తర్వాత, 2009లో, సొంత జెండా వచ్చింది. నీలం మీద పసుపు రంగు తెరచాప పడవ, పక్కన నాలుగు తెల్లటి నక్షత్రాలు.