నదుల పొడవులు బట్టీ పట్టడం మానేశాకే జాగ్రఫీ పట్టుబడింది

రిజల్ట్స్ వచ్చాయి, సెలెక్ట్ అయ్యాను! జాగ్రఫీ ఎలా చదివావని చాలామంది అడుగుతున్నారు. నాకు బాగా కలిసొచ్చిన ప్రపంచ నదుల గురించే రాస్తాను.

నైలు 6,650 కిలోమీటర్లు, అమెజాన్ 6,400, యాంగ్జీ 6,300. ఈ పట్టిక అందరి నోట్స్‌లోనూ ఉంటుంది. పుస్తకానికో అంకె కనిపిస్తే కంగారు పడకండి. నది అసలు ఎక్కడ పుట్టిందో, ఎక్కడ సముద్రంలో కలిసినట్టో లెక్కగట్టే పద్ధతిని బట్టి పొడవు మారుతుంది. నేను మాత్రం పట్టిక పక్కన పెట్టి, అట్లాస్‌లో ఒక్కో నది వెంట పుట్టినచోటు నుంచి సముద్రం దాకా వేలు పెట్టుకుంటూ వెళ్లాను. నా ప్రిపరేషన్ మలుపు తిరిగింది అక్కడే.

కాంగోనే తీసుకోండి. భూమధ్యరేఖను రెండుసార్లు దాటుతుందని అందరికీ తెలుసు. దాని ఉపనదులు ఆ రేఖకు రెండు వైపులా ఉన్నాయి. ఒకవైపు వానలు తగ్గే వేళకు రెండోవైపు పడుతుంటాయి, కాబట్టి ఏడాది పొడవునా ప్రవాహం పెద్దగా పడిపోదు. ఇది అర్థమయ్యాక ఆప్షన్లు ఎంత తిప్పి ఇచ్చినా టెన్షన్ ఉండదు.

సైబీరియాలోని ఓబ్, యెనిసెయ్, లీనా ఇంకా ఆసక్తికరం. ఇవి ఉత్తరంగా పారి ఆర్కిటిక్‌లో కలుస్తాయి. వసంతంలో దక్షిణాన, అంటే ఎగువన, మంచు ముందు కరుగుతుంది. దిగువన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. వచ్చిన నీళ్లకు దారి లేక ఒడ్లు దాటి పొంగుతాయి. మ్యాప్‌లో దిశ చూసినవాళ్లకు ఈ వరదల కారణం వేరే చెప్పక్కర్లేదు.

నైలులోనూ అంతే. సూడాన్ రాజధాని ఖార్తూమ్ దగ్గర కలిసే రెండు పాయల్లో వైట్ నైలు పొడవైనది. వరద కాలంలో మాత్రం ఎక్కువ నీళ్లు ఇథియోపియా ఎత్తుల నుంచి దిగే బ్లూ నైలువే. ఇక నీటి పరిమాణంలో అమెజాన్‌కు సాటి లేదు. ప్రపంచ నదులన్నీ సముద్రాలకు చేర్చే నీటిలో దాదాపు ఐదో వంతు అదొక్కటే మోస్తుంది.

డాన్యూబ్ ఒడ్డున వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్, బెల్‌గ్రేడ్, యాంగ్జీ మీద త్రీ గోర్జెస్ డ్యామ్ లాంటివి రివిజన్‌లో చూసుకుంటే చాలు.

ఒక్క టాపిక్‌కి ఇంత టైమా అని నన్ను అన్నవాళ్లున్నారు. వాళ్లతో ఇప్పటికీ ఏకీభవించను. రోజూ క్రమం తప్పకుండా అట్లాస్ తీయాల్సిందే, బద్ధకిస్తే మ్యాప్ ఎవరికీ వంటబట్టదు. నదులయ్యాక సముద్ర ప్రవాహాలు, శీతోష్ణ మండలాలు కూడా ఇలాగే చదివాను, అవి చాలా తొందరగా అయిపోయాయి.