పదకొండు పాయింట్లు, ఐదు రోజులు

అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని పోంచా స్ప్రింగ్స్‌లో కారుకి గ్యాస్ కొట్టిస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. మాకు సాయంత్రం నాలుగు, వాళ్లకు తెల్లవారుజాము నాలుగున్నర. కార్తీక స్నానం చేసి, తులసి దగ్గర దీపం పెట్టి తీరుబడిగా కూర్చున్నట్టుంది.

"ఏడున్నవ్ రా?"

"రోడ్డు మీద ఉన్నమమ్మా, గన్నిసన్ పోతున్నం."

"గదేం ఊరు?"

నేను ఏదో చెప్పేలోపే డాలస్ నుంచి వచ్చిన మా బామ్మర్ది ఫోన్ మీదికి వంగి, "జింక వేటకు పోతున్నం అత్తమ్మా!" అనేశాడు.

అటు వైపు కాసేపు చప్పుడు లేదు. "జింకను కొడితే జైల్ల ఏస్తరు గద బిడ్డా," అంది. తర్వాత అసలు సంగతి గుర్తొచ్చి, "గది గూడ కార్తీక మాసంల!" అంది.

మాది జన్నారం పక్క ఊరు. కవ్వాల్ అడవి మా చేల దాకా వస్తుంది. దుప్పుల మంద పెసర చేలో పడితే డబ్బా కొట్టి తరమడమే తప్ప, రాయి విసరడానికి కూడా నాన్న ఒప్పుకునేవాడు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సంగతి తెలియకపోయినా బీట్ ఆఫీసర్ అంటే ఏమిటో ఊళ్లో అందరికీ తెలుసు. అమ్మ భయానికి అర్థం ఉంది. ఇక్కడ జింకను కొట్టడానికి ప్రభుత్వమే లైసెన్స్ ఇస్తుందనీ, దానికోసం నేను పదకొండేళ్లు లైన్లో నిలబడ్డాననీ ఆమెకు ఫోన్‌లో ఎలా చెప్పను?

లైన్ అనే మాట ఊరికే అనలేదు. కొలరాడోలో 1999 నుంచి జింక లైసెన్స్ ఏదైనా డ్రాలోనే, అంటే లాటరీ లాంటి దాంట్లోనే రావాలి. రాష్ట్రాన్ని నంబర్లున్న యూనిట్లుగా విడగొట్టారు. ఒక్కో యూనిట్‌కి, ఒక్కో సీజన్‌కి ఇన్నే లైసెన్సులని లెక్క. ఏప్రిల్ మొదటి మంగళవారం రాత్రి ఎనిమిదింటికి అప్లికేషన్ల గడువు. మొదటి ఎంపికగా అడిగింది రాకపోతే ఒక పాయింట్ ఇస్తారు. వచ్చిందా, ఉన్నవన్నీ సున్నా. ఎక్కువ పాయింట్లున్నవాడిదే ముందు వరస. అసలు డ్రాలో దిగకుండా పాయింట్ మాత్రమే కావాలంటే దానికీ ఒక కోడ్ ఉంది: డి-పి-999-99-పి. ఆ కోడ్ నాకు మా పెళ్లిరోజు కన్నా బాగా గుర్తుంటుందని మా ఆవిడ ఫిర్యాదు.

2013లో మొదలుపెట్టాను. మధ్యలో వేట మానలేదు. రెండో ఎంపికలో వచ్చిన లైసెన్స్‌కి పాయింట్లు పోవు కాబట్టి చిన్నాచితకా యూనిట్లలో తిరిగి, గురి నేర్చుకున్నాను, మాంసం కోయడం నేర్చుకున్నాను. కానీ పాయింట్లు మాత్రం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లా పక్కన పెట్టాను. ఇందులో ఒక మోసం ఉంది. మనం ఏడాదికి ఒక పాయింట్ కూడబెడుతుంటే మన ముందున్నవాళ్లూ కూడబెడుతుంటారు. మంచి యూనిట్‌కి పాయింట్ల ధర కూడా ఏటా పైకి జరుగుతుంది. ఈగిల్ దగ్గరున్న 44వ యూనిట్ చివరి సీజన్ల మీద నేను మొదట్లో ఆశ పెట్టుకున్నాను. పదకొండు పాయింట్లు వచ్చేసరికి కూడా దాన్ని దూరం నుంచి చూసి దండం పెట్టడమే మిగిలింది.

వాయవ్య మూలనున్న 2, 10, 21 యూనిట్ల మీద చాలాకాలం మనసు ఉండేది. యూటా సరిహద్దు పక్కన ఎర్రమట్టి, జూనిపర్ చెట్లు, పేరుమోసిన కొమ్ములు. 2023లో పాయింట్లు అక్కడే ఖర్చు పెట్టేద్దామని నిర్ణయించుకున్నాను కూడా. ఆ చలికాలం మోఫట్ కౌంటీ మీద విరుచుకుపడింది. మంచు పేరుకుని గడ్డకట్టింది, జింకలు గడ్డి దొరక్క గుంపులుగా చచ్చాయి. పిల్లలైతే మరీ. లైసెన్సులు తెగ్గోశారు. ఇక్కడ నాకు అర్థమైన లెక్క ఒకటుంది. ఇక్కడి జింకలు మ్యూల్ డీర్ అనే జాతి, అందులో మగదానికి కొమ్ము నిండుగా రావడానికి ఐదారేళ్లు పడుతుంది. ఆ చలికాలం పిల్లలు చచ్చిపోతే ఆ లోటు 2027, 28ల్లో కనపడుతుంది. అంటే పేరు చూసి వెళ్తే నిన్నటి పేరుకి రేపటి జింకను ఖర్చు పెట్టినట్టు. ఆ ఏడాది మళ్లీ 999 కోడే కొట్టాను.

గన్నిసన్ లోయకీ ఇలాంటి గతం ఉంది. 2007-08 చలికాలంలో అక్కడ ప్రభుత్వమే మేత వేసి జింకలను బతికించాల్సి వచ్చింది. కానీ నేను అప్లై చేసేసరికి అది పదహారేళ్ల కిందటి మాట, ఈలోగా మంద కోలుకుంది. చుట్టూ 54, 55, 551, 66, 67 యూనిట్లున్నాయి. నేను వాటిలో దేనికి వెళ్లానో మాత్రం రాయను. వేటగాళ్లు ఏ విషయమైనా పంచుకుంటారు గానీ ఇది పంచుకోరు.

ఇంకో చిక్కు, బామ్మర్ది. వాడికి రెండే పాయింట్లు. ఇద్దరం గ్రూప్‌గా అప్లై చేస్తే తక్కువున్నవాడి లెక్కే ఇద్దరికీ వర్తిస్తుంది. అంటే నా పదకొండూ రెండైపోతాయి. పైగా వాడు టెక్సాస్ వాడు కాబట్టి లైసెన్స్ ఖరీదు నాకు పడేదానికి దాదాపు పదింతలు. "నువ్వొక్కడివే వెయ్యి బావా, నేను మూట మోయడానికి వస్తా," అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు, కాకపోతే మోసినంతసేపూ నన్ను తిట్టాడు.

సీజన్ కూడా ఆలోచించే ఎంచుకున్నాను. నాలుగో రైఫిల్ సీజన్, 2024 నవంబర్ 20 నుంచి 24. ఐదంటే ఐదే రోజులు. మూడో సీజన్‌కి తొమ్మిది రోజులిస్తారు. కానీ నవంబర్ మూడోవారానికి మగజింకలు ఎదకొచ్చి బుద్ధి మరిచి తిరుగుతాయి. అక్టోబర్‌లో పదివేల అడుగుల ఎత్తున చీకటి స్ప్రూస్ అడవిలో దాక్కునే ముసలిది, అప్పుడు పట్టపగలు సేజ్‌బ్రష్ పొదల్లో ఆడజింక వెనక పడుతుంది. నాకు ఆఫీసులో దొరికే సెలవా తక్కువ, నడుమా అంతంత మాత్రం. ఎక్కువ ఎక్కే సీజన్ కన్నా ఎక్కువ కనపడే సీజన్ నాకు కుదురుతుంది.

మొనార్క్ పాస్ అనే కనుమ 11,312 అడుగుల ఎత్తు. మేం దాటేసరికి చీకటి పడింది, రోడ్డు మీద మంచు గీతలు గీతలుగా పాకుతోంది. అవతల సార్జెంట్స్ అనే ఊరు దాటాక లోయ ఒక్కసారిగా విచ్చుకుంటుంది గానీ రాత్రి కాబట్టి మాకు కనపడింది హెడ్‌లైట్లలో మెరిసే కళ్లే. రోడ్డు పక్కన జింకలు, ఎక్కడ చూసినా జింకలు. "ఇక్కడే ఒకటి కొట్టేస్తే అయిపోయె గద," అన్నాడు బామ్మర్ది. గన్నిసన్‌లో మోటెల్ నిండా వేటగాళ్ల నారింజ రంగు టోపీలే.

మొదటి రోజు తెల్లారేసరికి ఒక గుట్ట మీద కూర్చున్నాం. గన్నిసన్ 7,700 అడుగుల ఎత్తున గిన్నెలాంటి లోయలో ఉంటుంది, రాత్రిపూట చలిగాలంతా కిందికి దిగి అందులో నిలిచిపోతుంది. నీళ్ల సీసాలు తలకిందులుగా పెట్టాలని నాకు తెలుసు, అలా అయితే మూత దగ్గర గడ్డకట్టదు. పులిహోర సంగతి మాత్రం తట్టలేదు. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బాలో ఇటుకైపోయింది. బామ్మర్ది దాన్ని చాకుతో పలకలుగా కోసి, చొక్కా లోపల పెట్టుకుని కరిగించి, పల్లీలు ఏరుకుని తిన్నాడు.

ఆ ఉదయం నలభైకి పైగా జింకల్ని చూశాం. వాటి చెవులు నిజంగా కంచర గాడిద చెవులే, మ్యూల్ డీర్ అనే పేరు అలాగే వచ్చింది. మగవాటిలో చాలావరకు పడుచువే. రెండోరోజు పొద్దున మాత్రం మూడు వందల గజాల్లో ఒకటి నిలబడింది. ఒక్కో వైపు నాలుగేసి కొనలు, చెవుల వెడల్పు దాటి చాలా బయటికి పరుచుకున్న కొమ్ములు. బామ్మర్ది గొంతులో టెన్షన్.

"బావా, కొట్టు."

స్కోప్‌లో దాని మొహం చూశాను. నుదురు నల్లగా, ముక్కు సన్నగా, వీపు తీర్చినట్టుగా తిన్నగా ఉంది. మూడేళ్లు, మహా అయితే నాలుగు. రెండేళ్లాగితే అది ఏమవుతుందో ఊహించగలిగాను.

"వద్దులే."

"పదకొండేళ్లు ఆగింది వద్దనడానికా?"

జవాబు చెప్పలేదు. నిజానికి ఆ రాత్రి మోటెల్‌లో నిద్ర పట్టలేదు. మూడోరోజు గాలి, దుమ్ము, ఖాళీ కొండలు. వాడు ఒక్కమాట అనలేదు, అదే ఎక్కువ బాధించింది.

నాలుగోరోజు శనివారం, మధ్యాహ్నం మూడు దాటాక, ఒక వాగు మలుపులో ఐదు ఆడజింకలు. వాటి వెనక పొదల్లోంచి ఒక వీపు లేచింది. ముందు నాకు కొమ్ములు కాదు, ఆ వీపే కనపడింది. ముసలి గేదెది లాగ నడిమధ్య కుంగి, పొట్ట వేలాడుతూ. మెడ ఉబ్బి తలతో కలిసిపోయింది. మొహమంతా బూడిద రంగు. మెడ చాచి, ముక్కు నేలబారుగా పెట్టి ఒక ఆడజింక వెనకే నడుస్తోంది, దాని వెనక కాళ్లు కొంచెం బిగుసుకుని ఉన్నాయి. ఎడమ కొమ్ము మొదట్లో నా ముంజేయంత లావు. కుడి కొమ్ముకి వెనక చీలిక పూర్తిగా విరిగిపోయి, మొండి తెల్లగా మెరుస్తోంది. ఈ సీజన్‌లోనే ఎవడితోనో పోట్లాడి పోగొట్టుకున్నట్టుంది.

"విరిగింది బావా," అన్నాడు నెమ్మదిగా.

"చూశా."

కొమ్ముల్ని టేపు పెట్టి కొలిచేవాడికి ఇది సగం జింక. పాయింట్ల లెక్కలు నేర్పిన పెద్దమనుషులు చూస్తే తల కొట్టుకుంటారు. నేను బ్యాగ్ మీద రైఫిల్ పెట్టి పడుకున్నాను. 230 గజాలు. సరిగ్గా దాని వెనక ఒక ఆడజింక వచ్చి నిలబడింది. అది కదిలేదాకా ఆగాలి. గ్లోవ్ తీసేసిన వేలు మొద్దుబారింది, అవతలి చేతి చంకలో పెట్టి వెచ్చబెట్టుకున్నాను. నాలుగైదు నిమిషాలు పట్టిందనుకుంటా. ఆడజింక రెండడుగులు వేసింది. ఒక్కటే తూటా. అది ముందుకు ఒక దూకు దూకి పొదల్లో కూలింది.

దగ్గరికి వెళ్లేసరికి సేజ్ ఆకు ఘాటు, దాని వెనక కాళ్ల గ్రంథుల వాసన కలిసి ముక్కుపుటాలు అదిరాయి. పెదవి ఎత్తి చూస్తే పళ్లు అరిగి చిగుళ్లకు దిగిపోయాయి. ఈ చలికాలం దాటేదో లేదో. విరిగిన మొండి మీద చెయ్యి పెట్టి కాసేపు కూర్చున్నాను. బామ్మర్ది టోపీ తీసి పక్కనే నిలబడ్డాడు. ఏమనుకుంటున్నాడో అడగలేదు.

లైసెన్స్ ట్యాగ్ మీద సంతకం చేసి, కోతకు దిగాం. మగదని తెలిసే గుర్తు ఒక తొడకి అంటిపెట్టుకుని ఉంచాలి, మాంసం వదిలేస్తే నేరం. రెండు మైళ్లు, ఇద్దరికీ రెండేసి ట్రిప్పులు, హెడ్‌ల్యాంప్ వెలుతురులో. రెండో ట్రిప్పులో వాడు నోరు విప్పాడు. "టెక్సాస్‌లో అయితే బండి పక్కనే కొడతారు బావా." ఆ తర్వాత ఇక ఆగలేదు.

మర్నాడు తలను పరీక్షకు ఇచ్చాం. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బును మొదట గుర్తించింది ఈ రాష్ట్రంలోనే, 1967లో ఫోర్ట్ కాలిన్స్ దగ్గర. వండినా పోని జబ్బు అది. మనుషులకు సోకినట్టు రుజువు లేదు గానీ, ఉందని తేలిన మాంసం తినొద్దంటారు. ఫలితం వచ్చేదాకా మాంసం గరాజ్‌లో ఫ్రీజర్‌లోనే. మా ఆవిడ ఎలాగూ పోలి పాడ్యమి దాటేదాకా వంటింట్లోకి రానివ్వనంది. అలా పరీక్షా, మాసమూ కలిసొచ్చాయి.

జబ్బు లేదని మెయిల్ వచ్చిన ఆదివారం, తొడ ముక్కల్ని అల్లం వెల్లుల్లి, గసగసాలు వేసి కుక్కర్లో ఎనిమిది విజిల్స్ వరకు ఉడికించాం. ముసలి మాంసం, అయినా పీచు లొంగలేదు. రాజమండ్రి ఫ్రెండ్ ఒకడు భోజనానికొచ్చి, "వేట మాంసమా, మేకేగా?" అన్నాడు. వాళ్లవైపు మేకమాంసాన్నే అలా అంటారట. చెప్పాక రెండోసారి వడ్డించుకున్నాడు.

అమ్మకి వీడియోలో కొమ్ములు చూపించాను. విరిగిన వైపే చూస్తూ ఉండిపోయింది.

"మల్ల ఎప్పుడు పోతవ్?"

"పాయింట్లన్నీ సున్నా అయినయ్ అమ్మా. ఇట్లాంటి చోటికి మళ్లీ పోవాలంటే పదేళ్లు పడుతది."

"గట్లనా," అంది, ఊపిరి పీల్చుకుని. "నయమే."